మురుగుకాలువకు పూర్తి నిడివి చిత్రం

సమాజంలో ఏ మార్పు రావాలన్నా ముందు దాని మీద ఒక సినిమా రావాలని ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేసేనాటికి, కొత్తపేరూరు సన్నబజారులో మంగతాయారు టిఫిన్ హోటలు ముందు మురుగుకాలువ పొంగడం మొదలై రెండేళ్లు దాటింది.

ఆ ఉత్తర్వు వెనక పెద్ద కథేమీ లేదు. సంబంధిత శాఖ మంత్రిగారు ఒక సాయంత్రం కుటుంబంతో సినిమాకు వెళ్లారు. అందులో కర్కోటకుడైన షావుకారు ఇంటర్వెల్ తర్వాత ఒక్క పాటలో మంచివాడైపోయాడు. హాల్లోంచి బయటికొచ్చిన మంత్రిగారు కారెక్కుతూ డ్రైవరును "భోంచేశావా?" అని అడిగారు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన నోట అలాంటి ప్రశ్న వినని డ్రైవరు కంగారుపడి కారును డివైడరు ఎక్కించాడు. తనలో వచ్చిన మార్పుకు తానే నివ్వెరపోయిన మంత్రిగారు, ఇంతటి శక్తిని సినిమావాళ్ల చేతుల్లో వదిలేయడం తగదని మర్నాడే సమీక్షా సమావేశం పెట్టారు. వారం తిరక్కుండా 'చలనచిత్ర ప్రేరిత సామాజిక పరివర్తన విధానం' అమల్లోకి వచ్చింది. ప్రజల హృదయాల్లో మార్పు రాకుండా క్షేత్రస్థాయిలో చేపట్టే ఏ పనీ సుస్థిరం కాజాలదు గనుక, ఇకమీదట పని కన్నా ముందు పరివర్తన, పరివర్తన కన్నా ముందు చలనచిత్రం జరగవలెనని అందులో ఉంది.

ఈ సంగతి మంగతాయారుకు తెలియదు. ఆమెకు తెలిసిందల్లా కాలువ. అది హోటలు మెట్టు దాకా పొంగి, నల్లగా, బంకగా నిలిచిపోయింది. మినపరొట్టె కోసం పక్క ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఇప్పుడు ఇటుకల మీద కాళ్లు పెట్టుకుంటూ వచ్చి, పొట్లం కట్టించుకుని, ముక్కు మూసుకుని వెళ్లిపోతున్నారు. కిందటి వర్షాకాలం ఆమె భర్త పేర్రాజు ఆ బంకలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పటిదాకా గల్లాపెట్టె దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లందరితో కబుర్లాడిన మనిషి, ఇప్పుడు వెనక వసారాలో గోడకేసి కూర్చుని అల్లం చెక్కు తీస్తున్నాడు. ముందు వైపు తడారేదాకా అడుగు పెట్టొద్దని డాక్టరు చెప్పాడు. తడి ఆరేది కాదని డాక్టరుకు తెలియదు.

ఆమె ఎప్పటిలాగే మునిసిపల్ కమిషనరు పినాకపాణిగారి దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, తమ సమస్య మా దృష్టిపథంలోనే ఉంది," అన్నాడు పినాకపాణి. ఆయన ఇంట్లో పెళ్లాంతో కూడా గ్రాంథికంగానే మాట్లాడతాడని చెప్పుకుంటారు. "అయితే నూతన విధానం ప్రకారం తమ వీధి ఇంకా పరివర్తనకు పూర్వదశలో ఉంది."

"అంటే ఏంటండి?"

"అంటే తమ కాలువ మీద సినిమా రాలేదు."

మంగతాయారు కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. అక్కడ నవ్వు జాడ లేదు.

"సినిమా ఎందుకండీ బాబూ. ఇద్దరు మనుషుల్నీ రెండు పారల్నీ పంపిత్తే సరిపోద్ది కదండీ."

"పారతో కాలువ బాగుపడుతుంది. హృదయం బాగుపడదు."

"మాకు కాలవ చాలండి."

"ప్రభుత్వానికి చాలదు," అన్నాడు పినాకపాణి మర్యాదగా. "వీధికుక్కల బెడదకు డాక్యుమెంటరీ ఇస్తున్నాం. వీధిదీపాలకు షార్ట్ ఫిలిం. తమది పొంగే కాలువ గనుక పాటలూ ఫైట్లతో పూర్తి నిడివి చిత్రానికి అర్హత లభించింది. తమరు అదృష్టవంతులు."

పది రోజుల తర్వాత సన్నబజారులోకి దర్శకుడు నవోదయ్ వచ్చాడు. అతను అంతకు ముందు రెండు సినిమాలు తీశాడు. రెండూ విడుదల కాలేదు. అయి ఉంటే ఈపాటికి సమాజం మారిపోయి ఉండేదని అతని నమ్మకం. కాలువ గట్టు మీద నిలబడి, రెండు చేతుల వేళ్లతో చట్రం కట్టి, అందులోంచి చాలాసేపు చూశాడు.

"దీనిలో ఆత్మ లేదు," అన్నాడు.

"కంపు ఉందండి," అన్నాడు ఎదుటి వరసలో కాస్త దిగువన కొట్టున్న టైలరు జిలానీ.

"కంపు తెర మీద కనపడదు. నాకు కంటికి కనపడే మురికి కావాలి."

అందుకని ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్లు లారీతో చెత్త తెచ్చి కాలువలో పోశారు. అది చాలదని థర్మాకోలుతో పందికొక్కులు చేసి గట్టు మీద అమర్చారు. అసలు పందికొక్కులు బొరియల్లోంచి తలలు బయటపెట్టి వాటిని అనుమానంగా చూశాయి. మురుగు హోటలు మెట్టు దాటి లోపలికి వచ్చింది. మంగతాయారు చీపురు పట్టుకుని బయటికొచ్చి, తోసేస్తుంటే, నవోదయ్ అడ్డం వచ్చాడు.

"కంటిన్యుటీ పోతుందమ్మా. సినిమా అయ్యేదాకా దాన్ని కదపకూడదు."

కథ కూడా చెప్పాడు. వీధివాళ్లకు బుద్ధి లేదు. కాలువలో చెత్త వేస్తారు. ఒక యువకుడు వచ్చి వాళ్లకు బుద్ధి చెబుతాడు. వినరు. రౌడీలు కొడతారు. అతను తిరిగి కొడతాడు. చివరికి తనే కాలువలో దిగి మురుగు తీస్తాడు. తేటనీళ్లు పారతాయి. అది చూసి టిఫిన్ హోటలు నడిపే ఒక మూర్ఖురాలు కన్నీళ్లు పెట్టుకుని మారిపోతుంది.

"మేం మునిసిపాలిటీకి నాలుగుసార్లు అర్జీ పెట్టామండి," అంది మంగతాయారు. "ఆ సీను ఎక్కడొత్తాదండి?"

"అర్జీల్లో డ్రామా లేదమ్మా."

మూర్ఖురాలి వేషానికి హైదరాబాదు నుంచి ఒక నటిని పిలిపించారు. ఆమె వీధి మొదట్లో కారు దిగి, ఒక్కసారి ఊపిరి పీల్చి, అదే కారెక్కి వెళ్లిపోయింది. ఇక వేరే దారి లేక ఆ వేషం మంగతాయారే వెయ్యాలని తేల్చారు. ఆమె ఒప్పుకోకపోతే చిత్రం ఆగిపోతుందనీ, చిత్రం ఆగితే కాలువ పరివర్తనకు అనర్హమైనదిగా శాశ్వతంగా నమోదవుతుందనీ పినాకపాణి స్వయంగా వచ్చి వివరించాడు.

"మా ఆయన మళ్లీ గల్లాపెట్టె దగ్గర కూచోవాలంటే నేను మూర్ఖురాలిననిపించుకోవాలి. అంతేనాండి?" అంది మంగతాయారు.

"సంక్షిప్తంగా అంతే."

"వేత్తానండి."

హీరో తేజోవర్ధన్ మునిసిపల్ చైర్మన్‌గారి అల్లుడు. మంచి పొడగరి. అంతకు మించి అతని గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. అతను కాలువలో దిగనన్నాడు. అందుకని హోటలు పక్కన ఒక పెద్ద తొట్టె పెట్టి, నీళ్లలో కాఫీ డికాషన్ కలిపి పోశారు. దగ్గరి షాట్లన్నీ అందులో తీశారు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని, డికాషన్‌లో నిలబడి, "ఇది మురుగు కాదు, మన నిర్లక్ష్యం" అని అతను డైలాగు చెబుతుంటే సన్నబజారంతా ఘుమఘుమలాడింది. ఆ వారం రోజులూ వీధికి మంచి వాసన వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

చిక్కల్లా క్లైమాక్సు దగ్గర వచ్చింది. తేటనీళ్లు పారాలి. గ్రాఫిక్స్‌లో చేద్దామని మొదట అనుకున్నారు. కానీ బడ్జెట్టంతా విదేశంలో తీసిన పాటకు అయిపోయింది. హీరో కలలో కాలువ ఎలా ఉంటుందో చూపించడానికి స్విట్జర్లాండు వెళ్లక తప్పలేదు. మిగిలిన డబ్బుతో లెక్క వేస్తే, గ్రాఫిక్స్ కన్నా నిజంగా కాలువ తీయించడమే చవక అని తేలింది.

ఈ మాట వినగానే పినాకపాణి ముఖం పాలిపోయింది.

"కాలువ తీయించడమా? పరివర్తనకు ముందే పనా? అది నిబంధనలకు విరుద్ధం."

"పని కాదు సార్. సెట్టు," అన్నాడు నవోదయ్.

పినాకపాణి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సెట్టు అయిన పక్షంలో అభ్యంతరం లేదు," అన్నాడు.

అలా ఒక బుధవారం పొద్దున్నే పారిశుధ్య కార్మికులు సెట్టు కార్మికులుగా మారి వచ్చి, హోటలు ముందు మేరకు కాలువ తీశారు. ట్యాంకరుతో నీళ్లు వదిలారు. నీళ్లు తళతళా కదిలాయి. నవోదయ్ "యాక్షన్" అన్నాడు.

మంగతాయారు చెప్పాల్సిన మాట ఇది: "బాబూ, నువ్వు తీసింది కాలువలో మురుగు కాదు, మా మనసుల్లో మకిలి." చెబుతూ కన్నీరు కార్చాలి. ఆమె లోపలి వంటవాడికి రెండు పెసరట్లు, ఒక ఉప్మా చెప్పినట్టు ఆ మాట గట్టిగా చెప్పి, "ఇంకేవైనా ఉన్నాయాండి?" అని అడిగింది. కంట్లో తడి లేదు.

"కట్," అన్నాడు నవోదయ్.

రెండో టేకుకు సర్దుకునేలోపు దిగువ నుంచి పాత మురుగు ఎగదన్నుకుని వచ్చి, తేటనీళ్లను నల్లగా మార్చేసింది. దిగువ మేర కూడా తీస్తే తప్ప నీళ్లు నిలవవని తెలిసింది. కార్మికులు జిలానీ కొట్టు దాకా తీశారు. మళ్లీ నీళ్లు వదిలారు. మళ్లీ మంగతాయారు డైలాగు చెప్పింది. మళ్లీ కన్నీరు రాలేదు.

"ఉల్లిపాయలు తెండి," అన్నాడు నవోదయ్.

ఉల్లిపాయలు తెచ్చారు. మంగతాయారు అలవాటు కొద్దీ కత్తిపీట ముందేసుకుని, బుట్టెడు తరిగేసింది. ఆ పక్కన నిలబడ్డ కెమెరామన్ కళ్లు తుడుచుకుంటూ దూరంగా పరుగెత్తాడు. ఆమె తరిగినవి గిన్నెలోకి ఎత్తి, "రేపటి దోసెలకి పనికొత్తాయి" అంది. ఈలోగా జిలానీ కొట్టు దిగువ నుంచి మురుగు మళ్లీ ఎక్కింది.

ఆ సాయంత్రం జిలానీ హోటలుకు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. టీ ఊదుకుంటూ అడిగాడు.

"అక్కా, నిజం చెప్పు. ఏడుపు రాట్లేదా, నువ్వే రానివ్వట్లేదా?"

"రాట్లేదు తమ్ముడూ. అంతమంది చుట్టూ నిలబడి ఏడు ఏడు అంటా ఉంటే ఎవరికొత్తాది? రేపు ఎలాగోలా ఏడిచేత్తాను. పాపం, ఆ డైరెక్టరు కుర్రాడు తిండి కూడా మానేశాడు."

"ఏడవమాకక్కా," అన్నాడు జిలానీ. "ఇవాళ నువ్వు ఒకసారి ఏడవకపోతే నా కొట్టు దాకా తీశారు. రేపు ఏడవకపోతే మసీదు మలుపు దాకా తీత్తారు. మురుగంతా కలిసే పెద్ద కాలవ ఎంతో దూరం లేదు."

మంగతాయారు గరిటె పక్కన పెట్టింది. వెనక వసారాలోంచి పేర్రాజు, "జిలానీ చెప్పింది నిజమేనే మంగా," అన్నాడు.

మర్నాటి నుంచి ఆమె నటించడం మొదలుపెట్టింది. అంటే, ఏడవబోతున్నట్టు నటించేది. పెదవి వణికేది. కొంగు కళ్ల దాకా వెళ్లేది. యూనిట్టంతా ఊపిరి బిగబట్టేది. సరిగ్గా అప్పుడు ఆమెకు తుమ్ము వచ్చేది. లేదా ఎవరికో ఇవ్వాల్సిన చట్నీ గుర్తొచ్చేది. ఒకసారి హీరో మొహం చూసి ఫక్కున నవ్వింది. కంట్లో గ్లిజరిన్ వేస్తే, డైలాగుకు ముందే ముక్కు చీది కళ్లు తుడిచేసుకుంది. వీధివాళ్లు కూడా తమ వంతు సాయం చేశారు. ఆమెకు దుఃఖం కలిగించే మాట ఎవరూ చెప్పకుండా కాపలా కాశారు. పుట్టింటి నుంచి మేనత్తకు ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే, ఆ సంగతి షూటింగు ముగిసేదాకా దాచిపెట్టారు.

ప్రతి టేకుకూ కాలువ కొంత దిగువకు బాగుపడింది. మసీదు మలుపు దాటింది. బస్టాండు గోడ దాటింది.

నవోదయ్ ఆఖరి ప్రయత్నంగా ఆమె ఎదుట కూర్చుని తన జీవితం చెప్పాడు. మొదటి సినిమా ఆగిపోయిన సంగతి, రెండో సినిమా నెగెటివు తడిసిపోయిన సంగతి, తండ్రి ఇంకా తనను కంప్యూటరు ఉద్యోగి అనుకుంటున్న సంగతి. చెబుతూ చెబుతూ అతనే భోరుమన్నాడు. లైటు బాయ్‌లు ఏడ్చారు. తేజోవర్ధన్ తొట్టెలో కూర్చుని వెక్కిళ్లు పెట్టాడు. మంగతాయారు నవోదయ్ తల నిమిరి, "టీ తాగుతావా నాన్నా, అల్లం వేసి పెట్టమంటాను," అంది.

చివరికి పినాకపాణి అధికారికంగా రంగంలోకి దిగాడు. వీధి మధ్యలో నిలబడి, "ప్రజాప్రయోజన దృష్ట్యా తమరు తక్షణమే కన్నీరు కార్చవలసిందిగా ఇందుమూలంగా కోరడమైనది," అని ప్రకటించాడు.

"రావాల్సిన చోటి నుంచి రావాలి కదండీ," అంది మంగతాయారు. అది కంటి గురించో ప్రభుత్వం గురించో ఆయనకు అర్థం కాలేదు.

ఇక మిగిలింది పెద్ద రోడ్డు కింద తూము ఒక్కటే. అది పూర్తిగా మూసుకుపోయింది. దాన్ని తెరవాలంటే రోడ్డు తవ్వాలి. రోడ్డు వేరే శాఖది. ఆ శాఖకు మునిసిపాలిటీ రాసిన లేఖలకు ఎన్నో ఏళ్లుగా జవాబు లేదు. నవోదయ్ ఫోను చేసి షూటింగు అని చెప్పాడు. ఆ శాఖవాళ్లు గంటలో కుటుంబాలతో సహా వచ్చి, హీరోతో ఫొటోలు దిగి, తవ్వుకోమన్నారు.

అయినా తవ్వడానికి పినాకపాణి సంతకం కావాలి. ఆయన బస్టాండు గోడ దగ్గర ఒంటరిగా నిలబడి కాలువలోకి చూస్తున్నాడు. ఎగువ నుంచి వచ్చిన నీళ్లు తూము దాకా వచ్చి, ఆగి, సుడి తిరుగుతున్నాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో తన సంతకం వల్ల ఏదైనా కదలడం ఆయన చూడలేదు. మంగతాయారు ఆయనకు గ్లాసుతో టీ తెచ్చింది.

ఆయన టీ అందుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "అమ్మా, ఒక్క మాట. ఈ టేకు కూడా పోతుందంటారా?"

మంగతాయారు భయపడింది. దొంగతనం పట్టుబడినట్టయింది. కానీ ఆయన గొంతులో కోపం లేదు. మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడాడు.

"పోద్దండి," అంది మెల్లగా.

"తూము తీసేదాకా?"

"తీసేదాకానండి."

పినాకపాణి టీ పూర్తిగా తాగాడు. గ్లాసు తిరిగిచ్చేశాడు. "అయిన పక్షంలో, కళాత్మక అవసరాల దృష్ట్యా తూము పగలగొట్టడం అనివార్యం," అని అందరికీ వినపడేట్టు చెప్పి సంతకం పెట్టాడు.

తూము తెరుచుకున్నప్పుడు పెద్ద చప్పుడైంది. వీధిలో నిలిచిన మురుగంతా ఒక్కసారిగా కదిలి, ఒరుసుకుంటూ, పెద్ద కాలువలోకి వెళ్లిపోయింది. థర్మాకోలు పందికొక్కులు వరసగా కొట్టుకుపోయాయి. హోటలు మెట్టు మొత్తం బయటపడింది. మంగతాయారు దాని మీద బిందెలు బిందెలు నీళ్లు పోసి కడిగింది. ఎండకు మెట్టు ఆరింది. అప్పుడు వెనక వసారాలోంచి కర్ర చప్పుడు వినిపించింది. పేర్రాజు గోడ పట్టుకుంటూ, ఒక్కో అడుగే వేసుకుంటూ ముందుకొచ్చాడు. గల్లాపెట్టె వెనక కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు. వీధిలోకి చూశాడు.

"ఏవే మంగా, జిలానీ కొట్టుకి రంగేయించాడా? చెప్పనే లేదు," అన్నాడు.

మంగతాయారు మెట్టు మీద కూలబడి ఏడ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరిపోయేలా, రెండేళ్లది ఒకేసారి ఏడ్చింది. జిలానీ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. కెమెరా మాత్రం అప్పుడు తొట్టె దగ్గరుంది. తేజోవర్ధన్ జుట్టు ఎగరేసే షాటు తీస్తున్నారు.

సినిమాలో ఆమె కన్నీళ్ల కోసం చివరికి ఎండుమిరపకాయల పోపు పొగకు ఆమె కళ్లు మండినప్పుడు ఎప్పుడో తీసిన షాటు వాడుకున్నారు.

చిత్రం ప్రభావాన్ని అంచనా వెయ్యడానికి రాజధాని నుంచి నిపుణుల సంఘం వచ్చింది. అప్పటికి సినిమా విడుదల కాలేదు. సంఘం సభ్యులు సన్నబజారు కాలువ వెంట నడిచి, తేటగా పారుతున్న నీళ్లు చూసి, పుస్తకాలు తీసి రాసుకున్నారు. విడుదలకు ముందే ఇంతటి పరివర్తన సాధించిన చిత్రం, విడుదలైతే సమాజం తట్టుకోగలదా అని తమ నివేదికలో సందేహం వెలిబుచ్చారు. పినాకపాణికి ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని అందుకునేటప్పుడు ఆయన నిజం చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, మూసుకున్నాడట. నిజానికి తగిన నిబంధన ఏదీ గుర్తు రాలేదని తర్వాత మంగతాయారు దగ్గర రొట్టె తింటూ చెప్పాడు.

కొంత తర్జనభర్జన తర్వాత సినిమా విడుదల చేశారు. కొత్తపేరూరు జనం విరగబడి చూశారు. రౌడీలను కొట్టినప్పుడు ఈలలు వేశారు. స్విట్జర్లాండు పాటకు నాణేలు విసిరారు. హీరో కాలువలో దిగనన్నాడు గనుక చేర్చిన, మునిసిపాలిటీ వాళ్లు వచ్చి కాలువ తీసే ఘట్టం దగ్గర మాత్రం హాలంతా గొణుక్కుంది. సినిమా అన్నాక కొంచెమైనా నమ్మేలా ఉండాలని ఇతర వార్డులవాళ్లు అన్నారు. కానీ ప్రభావం లేకపోలేదు. ఆ నెలంతా ఊళ్లో కుర్రకారు మండుటెండలో మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని కాలేజీకి వెళ్లారు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం చేపల మార్కెట్టు ఆడవాళ్లు నలుగురు మంగతాయారు హోటలుకు వచ్చారు. మార్కెట్టు వెనక కాలువకు కూడా చిత్రం మంజూరైందట. వాళ్లలో పెద్దామె, సీతారత్నం, మొహమాటపడుతూ అసలు సంగతి చెప్పింది.

"ఏడుపు రాకుండా ఎలా ఉండాలో మీకు బాగా తెలుసంటండి. కాస్త నేర్పుతారని వచ్చామండి."

"దానికి పెద్ద విద్య అక్కర్లేదండి," అంది మంగతాయారు. "మునిసిపాలిటీ ఆఫీసు చుట్టూ ఓ రెండేళ్లు తిరిగితే కంట్లో తడి అదే ఆరిపోద్దండి."

నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మేం ఆరేళ్ల నుంచీ తిరుగుతున్నామండి," అంది సీతారత్నం.

"అయితే మీకు నేను నేర్పేదేం లేదండి," అని మంగతాయారు లోపలికి తిరిగి, నాలుగు రొట్టెలు చెప్పింది.